యోరున్ పక్క సీటు

మా స్కెల్యా పాయలో లారీ చప్పుడు వినబడితే లారీ వచ్చిందని ఎవరూ అనేవారు కాదు, యోరున్ వచ్చింది అనేవారు. సముద్రం కొండల మధ్యకు చొచ్చుకొచ్చి ఆగిపోయిన చోటు మాది. పైనున్న బీడు దాటి కొండ దిగే మలుపులో ఆమె ఒక్కసారి హారన్ కొట్టేది. అది విని మా అమ్మ కాఫీకి నీళ్లు పెట్టేది. నీళ్లు మరిగేసరికి యోరున్ మా గడపలో బూట్లు విప్పుతూ ఉండేది.

యోరున్ మా అమ్మకు పెదనాన్న కూతురు. మనిషి పొడగరి, భుజాలు వెడల్పు, మాట తక్కువ. ఆమె తొందరపడగా నేనెప్పుడూ చూడలేదు. ఆలస్యంగా రాగా కూడా చూడలేదు. కాఫీ తాగేటప్పుడు చక్కెర ముక్కను పళ్ల మధ్య పెట్టుకుని ఎవరేం చెప్పినా వినేది. ముక్క కరిగిపోయాక, చెప్పవలసింది ఏమైనా ఉంటే చెప్పేది. చాలాసార్లు ఏమీ ఉండేది కాదు.

ఆ లారీ నిజానికి ఆమె తండ్రి హాల్వర్‌ది. యుద్ధం ముగిశాక పరాయి దేశపు సైనికులు వదిలేసి పోయినవాటిలో ఒకటి కొనుక్కొచ్చాడు. రెండో ఏడు రేవులో పడవను లాగే చక్రంలో పడి ఆయన కుడిచెయ్యి నలిగిపోయింది. కొడుకులు లేరు. లారీ అమ్మేద్దామని ఆయన అనుకుంటూ ఉండగానే యోరున్ ఒక ఉదయం ఉన్ని మూటలు ఎక్కించుకుని బీడు దాటి వెళ్లి, సాయంత్రానికి పిండి బస్తాలతో తిరిగొచ్చింది. ఎప్పుడు నేర్చుకున్నావని హాల్వర్ అడిగితే, నీ పక్కన కూర్చున్నప్పుడు అందట.

మొదట్లో మా వాళ్లు ఆమెతో బస్తాలు పంపేవారు గాని తాము ఎక్కేవారు కాదు. ఆడమనిషి తోలే బండిలో ఆ కొండ దిగడమంటే గుండె కావాలనేవారు. మొదట ఎక్కింది మా ఫాదరు. కాలు బెణికింది, అవతలి చర్చిలో పెళ్లి చేయించాలి, వేరే దారి లేదు. దారి పొడవునా కళ్లు మూసుకుని కూర్చున్నాడు. కిందికి దిగాక, ప్రార్థన చేశాను కాబట్టి క్షేమంగా వచ్చాం అన్నాడు.

"మీరు మూసుకున్నారు కాబట్టి నేను తెరిచే ఉంచాను. ఇద్దరం పని చేశాం లెండి" అంది యోరున్.

ఈ మాట ఫాదరే ఆదివారంనాడు అందరికీ చెప్పి నవ్వాడు. ఆ తరువాత జనం ఎక్కడం మొదలుపెట్టారు.

నేను చెప్పబోయేది గొర్రెపిల్లల ఏడు సంగతి. అప్పటికి నేను చిన్నపిల్లను. ఇది కొంత యోరున్ నోట విన్నాను, ఎక్కువ భాగం ముసలి కాపరి కేతిల్ నోట విన్నాను. యోరున్ ఒక్క ముక్కలో చెప్పేదాన్ని కేతిల్ ఒక పూట చెప్పేవాడు కాబట్టి, నిజం ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటుంది.

చాలా ఏళ్ల కిందట పరదేశం నుంచి తెచ్చిన పొట్టేళ్లతో మా దేశానికి ఊపిరితిత్తుల జబ్బొకటి వచ్చింది. గొర్రెలు దగ్గి దగ్గి చచ్చిపోయేవి. పడమట మా కొండల వైపు రాకుండా అడ్డంగా కంచె కట్టి కాపాడారు. దక్షిణాన మాత్రం ఆగలేదు. చివరికి ప్రభుత్వం వారు, అక్కడి లోయల్లో ఉన్న గొర్రెలన్నిటినీ చంపించి, ఒక ఏడాదిపాటు దొడ్లు ఖాళీగా ఉంచి, ఆ తరువాత మావైపు నుంచి జబ్బు లేని పిల్లల్ని పంపించాలని నిర్ణయించారు. గొర్రె లేని ఏడాదంటే ఎలా ఉంటుందో మా పెద్దవాళ్లు ఊహించుకోలేకపోయారు. ఆ ఇళ్లలో పొద్దున లేచి ఏం చేస్తారు అని మా నాన్న పదేపదే అనేవాడు.

మా పాయ గొర్రెపిల్లలు ఓడలో వెళ్లాలి. ఆ శరత్కాలంలో గాలి పడమట నుంచి పట్టుకుని వదలలేదు. ఓడ పాయ మొగలో రెండుసార్లు కనబడి వెనక్కి తిరిగిపోయింది. ఒడ్డున కంచెలో వేసిన పిల్లలు గడ్డి మొదళ్లు కూడా కొరికేశాయి. అప్పుడు లారీలు పిలిపించారు. మిగిలిన లారీలు వెళ్లిపోయాక ఆఖరి మంద యోరున్ వంతుకు వచ్చింది. అవి దక్షిణాన మంచుకొండ కింద ఉన్న ఇత్రిదాల్ అనే లోయకు చేరాలి. మా వాళ్లలో ఆ పేరు విన్నవాడే లేడు.

పిల్లలతో వెళ్లడానికి కేతిల్‌ను కుదిర్చారు. పాయ చివర పెద్దకమతంలో అతను నలభై ఏళ్లుగా గొర్రెల కాపరి. డెబ్బైకి దగ్గరపడ్డాడు. పెళ్లి లేదు, ఇల్లు లేదు, కొట్టం అటక మీద పడక. ప్రతి గొర్రెనూ మొహం చూసి గుర్తుపట్టేవాడు గాని మనుషుల పేర్లు తారుమారు చేసేవాడు. ఆ మందలో ఎక్కువ పిల్లలు అతని చేతుల మీద పుట్టినవే.

బయలుదేరేటప్పుడు కేతిల్ క్యాబిన్‌లో కూర్చోనన్నాడు. వెనక తొట్టిలో, పిల్లల మధ్య, గడ్డి మోపు మీద కూర్చున్నాడు. బీడు ఎక్కాక వడగళ్లు మొదలయ్యాయి. అక్కడ చెట్టు లేదు, పొద లేదు, పొగమంచులో దారి పక్కన పేర్చిన రాళ్లగుట్టలు తప్ప ఏమీ కనబడవు. యోరున్ లారీ ఆపి వెనక్కి వెళ్లింది.

"లోపలికి రా, కేతిల్."

"పిల్లల దగ్గరే ఉంటాను."

"పిల్లలకి ఉన్ని ఉంది. నీకు లేదు."

అతను కాసేపు ఆలోచించి దిగాడు. క్యాబిన్‌లోకి ఎక్కి తలుపు వేసుకోగానే మాట్లాడడం మొదలుపెట్టాడట, ఇక ఆపలేదట. ముప్పై రెండేళ్ల యోరున్ జీవితంలో విన్న మాటలన్నీ ఒక ఎత్తు, ఆ ప్రయాణంలో విన్నవి ఒక ఎత్తు. దాని గురించి అడిగితే ఆమె, వాన చప్పుడులాంటిది, అలవాటైపోతుంది అనేది.

కేతిల్ బీడుకు అవతల అడుగుపెట్టడం అదే మొదటిసారి. చూసిన ప్రతిదాన్నీ గొర్రె కళ్లతోనే చూశాడు. ఎర్రగా, పసుపుగా రంగులు తేలిన కొండలు కనబడితే, ఇక్కడ మేయడానికేముంది, ఊరికే రంగులు అన్నాడు. వేడినీటి ఆవిర్లు నేలలోంచి పొగలై లేచే చోట, కాళ్లు కాలతాయి, మందను రానివ్వకూడదు అన్నాడు. కనుచూపు మేర నల్లటి లావారాళ్లు, వాటి మీద మెత్తగా నాచు పరుచుకున్న బీడు మీదుగా పోతుంటే, నాచును నమ్మి అడుగేస్తే పిల్ల కాలు విరుగుతుందని లెక్క చెప్పాడు. యోరున్ అవేవీ చూడలేదు. ఆమె చూపంతా దారి మీద ఉంది. దారి అంటే కంకర, దాని మీద గుంటలు, ఒక్క బండికే సరిపోయే చెక్క వంతెనలు. మలుపులో బ్రేకు గట్టిగా వేస్తే వెనక పిల్లలు ఒకదాని మీద ఒకటి పడతాయి. కాబట్టి బ్రేకు వాడకుండా గేర్లతోనే తోలింది. తొట్టిలో ఒక్క పిల్ల కూడా పడలేదు. ఆ విషయం గమనించినప్పటి నుంచి కేతిల్ ఆమెను పేరు పెట్టి పిలవడం మానేసి "అమ్మాయ్" అనడం మొదలుపెట్టాడు. అది అతను తన గొర్రెల్లో మంచివాటికి వాడే మాట.

కంచె దాటి, జబ్బు పడిన ప్రాంతంలోకి వెళ్లాక ఇద్దరికీ ఒక తేడా తెలిసింది. కొండలన్నీ పచ్చగా, గడ్డి మోకాలెత్తున ఉంది. మేసేది ఏదీ లేదు. శరత్కాలంలో కొండ అంత నిశ్శబ్దంగా ఉండడం కేతిల్ ఎరగడు.

లారీలోంచి పిల్లల అరుపులు వినబడి జనం ఇళ్లలోంచి బయటికి వచ్చేవారు. ఎవరూ పిలిచేవారు కాదు, ఆపమనేవారు కాదు. దారి పక్కన నిలబడి చూసేవారు. ఒక ముసలాయన టోపీ తీసి పట్టుకున్నాడు. ఇంకోచోట ఒకామె బకెట్లతో నీళ్లు, చేతి నిండా ఎండుగడ్డి తెచ్చింది. యోరున్ ఆపింది. పిల్లలు తాగుతుండగా నీళ్లు తెచ్చినామె, తొట్టి పలకల సందులోంచి లోపల చెయ్యి పెట్టవచ్చా అని అడిగింది. కేతిల్ ఒక పిల్లను ఇవతలికి జరిపి నిలబెట్టాడు. ఆమె దాని మెడ మీద ఉన్నిలో వేళ్లు పెట్టి అలాగే ఉండిపోయింది. వీటిలో మీకు రావలసినవి ఏమైనా ఉన్నాయా అని యోరున్ అడిగితే, లేవని, తమ లోయకు వచ్చే ఏడాది ఇస్తారని చెప్పింది. లారీ కదిలాక కూడా ఆమె చెయ్యి కడుక్కోలేదని కేతిల్ అనేవాడు. అది ఎలా తెలుస్తుంది, దారి మలుపు తిరిగిపోయింది కదా అని నేను అడిగితే, కొన్ని తెలుస్తాయి అనేవాడు.

దక్షిణ తీరం చేరేసరికి వాన పట్టుకుంది. ఎడమవైపు కొండ అంచుల నుంచి జలపాతాలు ఒకదాని తరువాత ఒకటి, గాలికి సగం దారిలోనే చెదిరిపోయి పైకి ఎగురుతున్నాయి. కుడివైపు సముద్రం. ఇత్రిదాల్ లోయ ముఖద్వారంలో ఒక ఏరుంది. పైనున్న మంచుకొండ కరిగి వచ్చే బూడిదరంగు నీరు. దాని మీద చెక్క వంతెన ఉండాలి. ముందురోజు వచ్చిన వరద దాన్ని ఎత్తుకుపోయింది. ఒడ్డున రెండు గుంజలు మిగిలాయి.

అవతలి ఒడ్డున గుర్రాల మీద మనుషులున్నారు. పొద్దున్నుంచి వానలో నిలబడ్డారట. వారిలో ఒకడు గుర్రాన్ని నీళ్లలో దింపి, అటూ ఇటూ తడుముకుంటూ ఇవతలికి వచ్చాడు. పేరు ఏవింద్. నలభై దాటిన మనిషి, లోయలో మొదటి కమతం అతనిది. లారీ తొట్టి వైపు చూడకుండా ఉండాలని ప్రయత్నిస్తూ మాట్లాడాడు. రెండు మూడు రోజులు ఆగితే నీరు తగ్గుతుందని, దగ్గరలో ఖాళీ కొట్టం ఉందని చెప్పాడు.

కేతిల్ తొట్టిలోకి చూసి వచ్చాడు. పిల్లలు తడిసి వణుకుతున్నాయి, రెండు లేవడం లేదు. వాన తగ్గే సూచన లేదు. రేపటికి నీరు పెరుగుతుంది గాని తగ్గదన్నాడు. ఏవింద్ కాదనలేదు.

యోరున్ ఏటి ఒడ్డు వెంబడి పైకి నడిచింది. నీరు ఒక్క పాయగా కాకుండా ఇసుకలో పరుచుకుని పారే చోట నిలబడి చాలాసేపు చూసింది. గుర్రానికి ఎక్కడ పొట్ట తడిసింది, ఎక్కడ తడవలేదు అని ఏవింద్‌ను అడిగింది. అతను చెప్పాడు. మళ్లీ దాటి చూపించమంది. చూపించాడు. అప్పుడామె లారీ ముందు మూత ఎత్తి, ఫ్యాన్ నీళ్లను ఇంజను మీదికి చిమ్మకుండా బెల్టు ఊడదీసింది. ఇంజనులో నిప్పురవ్వ పుట్టే చోట తడవకుండా నూనె పట్టిన పచ్చి ఉన్నిని గుడ్డతో కలిపి చుట్టింది. కేతిల్‌ను గుర్రం మీద దాటమంది.

"పిల్లలు ఎక్కడుంటే నేనక్కడే" అని అతను తొట్టిలోకి ఎక్కాడు.

ఏవింద్ తెల్లగుర్రం ముందు, లారీ వెనక. అలాంటి ఏట్లో ఆగకూడదు. ఆగితే చక్రాల కింది ఇసుక జారిపోతుంది. మొదటి గేరులో, ఒకే వేగంతో, సగం దాటింది. ఇంకొంచెం దాటింది. అవతలి ఒడ్డున ఉన్నవాళ్ల మొహాలు స్పష్టంగా కనబడుతున్నాయి. అప్పుడు ఎడమ ముందుచక్రం ఏదో గోతిలోకి దిగింది. లారీ ఒరిగింది. ఇంజను దగ్గి ఆగిపోయింది. నీరు క్యాబిన్‌లోకి వచ్చి మోకాళ్లను తాకింది. వెనక పిల్లలన్నీ ఒక మూలకు జారి అరిచాయి.

యోరున్ కిటికీలోంచి బయటికి వచ్చి, క్యాబిన్ పైకెక్కి తొట్టిలోకి దూకింది. కింద పడ్డ పిల్లల్ని కేతిల్ అప్పటికే లేపి నిలబెడుతున్నాడు. లారీ ప్రవాహానికి అడ్డంగా ఉండడం వల్ల దాని కిందివైపు నీరు కాస్త నెమ్మదించింది. అది ఆమె చూసింది. ఆ పక్కకు గుర్రాలను తెమ్మని చేత్తో చూపించింది. ఏవింద్‌కు అర్థమైంది. అతను తనవాళ్లకు చెప్పాడు.

లోయవాళ్లంతా నీళ్లలోకి దిగారు. మగవాళ్లు, ఆడవాళ్లు, నెత్తిన తుండు కట్టుకున్న ఒక ముసలాయన కూడా. ఒక్కొక్కరే గుర్రాన్ని లారీ పక్కకు తెచ్చి నిలిపేవారు. కేతిల్ పిల్లను ఎత్తి ఇస్తే యోరున్ పలక మీదుగా అందించేది. వాళ్లు దాన్ని జీను మీద తమ ముందు పడుకోబెట్టుకుని, కోటులో కప్పుకుని ఒడ్డుకు చేర్చి, మళ్లీ వచ్చేవారు. ఏడాదిగా గొర్రెను తాకని చేతులవి. అంత చలిలోనూ వాళ్లు చేతి తొడుగులు తీసేసి తన చేతిలోంచి పిల్లను అందుకునేవారని యోరున్ చెప్పింది. ఏరు దాటిన సంగతిలో ఆమె తనంతట తాను చెప్పిన మాట ఇదొక్కటే.

చీకటి పడబోతుండగా ఒక బూడిదరంగు పిల్ల, ఆమె చేతులకూ ఒక కుర్రదాని చేతులకూ మధ్య, జారిపోయింది. నీరు దాన్ని తీసుకుపోయింది. ఒకసారి తల కనబడింది. యోరున్ అటే చూస్తూ ఆగిపోయింది.

"తరువాతదాన్ని అందుకో, అమ్మాయ్" అన్నాడు కేతిల్.

ఆమె అందుకుంది.

ఒడ్డున ఏవింద్ తల్లి రగ్న్‌వేగ్ కొట్టం తలుపు దగ్గర నిలబడి ఉంది. గొర్రెలు లేని ఆ ఏడాదంతా ఆమె రోజూ పొద్దున్నే కొట్టం తలుపు తెరిచి, ఖాళీ నేలను ఊడ్చి, సాయంత్రం మూసేదట. కొడుకు వద్దన్నా మానలేదట. ఆ సాయంత్రం ప్రతి పిల్లనూ పాత దుప్పటితో తుడిచి లోపలికి పంపింది. ఇళ్లకు వెళ్లవలసిన వాళ్లెవరూ వెళ్లలేదు. తడిబట్టలతోనే కొట్టంలో గోడవారగా కూర్చుని పిల్లలు గడ్డి నమలడం వింటూ ఉండిపోయారు.

యోరున్‌కు ముసలామె తన పొడిబట్టలు ఇచ్చింది. పొట్టిగా మోకాళ్ల దాకానే వచ్చాయి. కాఫీ ఇచ్చింది. యోరున్ కప్పు పట్టుకుంది గాని తాగలేదు.

"ఒకటి పోయింది" అంది.

"నిన్నటిదాకా నాకు ఒక్కటీ లేదు" అంది రగ్న్‌వేగ్. "పోయినదాని కోసం రేపు బాధపడుదువుగాని. ఇవాళ నన్ను వచ్చినవాటిని చూసుకోనీ."

యోరున్ కాఫీ తాగింది. ఆ పిల్ల సంగతి మాత్రం మరిచిపోలేదు. ఎన్నేళ్ల తరువాతైనా, అన్నిటినీ క్షేమంగా చేర్చావటగా అని ఎవరన్నా అంటే, అన్నిటినీ కాదు అని సరిదిద్దేది.

వాన తెల్లవారేసరికి వెలిసింది. చలికి పైన మంచు గట్టిపడి ఏరు తగ్గింది. గుర్రాలు కట్టి లారీని ఒడ్డుకు లాగారు. యోరున్ ఒక పూటంతా దాని పొట్టలోంచి నీళ్లు పిండి, ఒక్కొక్క భాగం తుడిచి ఆరబెట్టింది. ఏవింద్ పక్కన నిలబడి అడిగిన పనిముట్టు అందించాడు. మధ్యాహ్నం దాటాక ఇంజను పలికింది. లోయ జనమంతా అక్కడే ఉన్నా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రగ్న్‌వేగ్ మాత్రం లోపలికి వెళ్లి, ఎండుచేపల కట్ట, వెన్న, రై ధాన్యపు రొట్టె మూటకట్టి తెచ్చింది.

తిరుగు ప్రయాణానికి కేతిల్ రాలేదు. పిల్లలకు ఈ కొండలు తెలియవు, వదిలిపెడితే వాయవ్యంగా మన పాయ వైపు నడక మొదలుపెడతాయి, ఇక్కడి గడ్డి ఇక్కడి గాలి తమవే అని వాటికి తెలిసేదాకా ఎవరైనా వెంట ఉండాలి అన్నాడు. శీతాకాలం పోగానే వస్తానన్నాడు. ఏవింద్ అప్పటికే అతనికి ఇంట్లో కిటికీ పక్క మంచం చూపించాడు. నలభై ఏళ్ల కొలువులో కేతిల్‌కు కిటికీ ఉన్న పడక దొరకడం అదే మొదటిసారి. యోరున్ అది గమనించి, పెద్దకమతం వాళ్లతో నేను చెబుతానులే అంది. శీతాకాలం పోయింది, ఇంకొకటి పోయింది, అతను రాలేదు. ఆమె దక్షిణానికి వెళ్లినప్పుడల్లా నస్యం డబ్బాలు తీసుకెళ్లి ఇచ్చి వచ్చేది. నేను అతని నోట ఈ కథ విన్నది కూడా ఆ కిటికీ పక్కనే.

ఒంటరిగా తిరిగొచ్చిన ఆ ప్రయాణంలోనే యోరున్ తన దేశాన్ని మొదటిసారి చూసింది. తొట్టి ఖాళీ. బ్రేకు వేస్తే పడేవాళ్లు లేరు. మాట్లాడేవాడూ లేడు. వచ్చేటప్పుడు కేతిల్ ఇన్ని నీళ్లు ఎవరికి పనికొస్తాయి అని విసుక్కున్న జలపాతం దగ్గర లారీ ఆపింది. ఇంజను కట్టేసి, అడుగుమెట్టు మీద కూర్చుని ఎండుచేపకు వెన్న రాసుకుని తింది. వాన వెలిసిన ఎండలో తుంపర్ల మీద ఇంద్రధనుస్సు ఒకటి కాదు, రెండు నిలిచాయి. పైన మంచుకొండ నీలంగా మెరుస్తోంది. దాని మంచు నాలుకలా ఒకచోట కిందిదాకా, దాదాపు గడ్డి దాకా దిగి వచ్చింది. సముద్రం వైపు ఇసుక బొగ్గులా నల్లగా, దాని మీద నురగ పాలలా తెల్లగా. నీళ్లలో నిలబడ్డ రాతి స్తంభాల చుట్టూ పక్షులు. నాచు పరుచుకున్న లావాబీడు దగ్గర మళ్లీ ఆపింది. కేతిల్ అన్నది నిజమేనా అని దిగి అడుగు వేసి చూసింది. కాలు మోకాలిదాకా దిగిపోయింది. ఒక్కతే నవ్వుకుంది. రంగుల కొండల దగ్గరా, ఆవిర్ల దగ్గరా ఆగింది. ఎప్పుడూ ఎక్కడా ఆలస్యం చెయ్యని యోరున్ ఆ ఒక్కసారి ఆలస్యంగా ఇల్లు చేరిందని, హాల్వర్ కంగారుపడి పాయ చివరిదాకా నడిచి వెళ్లాడని మా అమ్మ చెబుతుంది.

ఎలా ఉందని అందరూ అడిగారు. పెద్దగా ఉంది అందట. అంతకంటే ఆమెకు చెప్పడం రాలేదు. చాలా ఏళ్ల తరువాత నాతో మాత్రం, అక్కడ ప్రతిచోటా చూడు అందామని పక్కకు తిరిగేదాన్ని, సీటు ఖాళీగా ఉండేది అంది.

మరుసటి వేసవిలో ఆమె దక్షిణానికి సరుకుల కోసం వెళ్లవలసి వచ్చింది. వెళ్లే ముందు ఫాదర్ ఇంట్లో వంటచేసే సోల్వేగ్ దగ్గరకు వెళ్లి, పక్క సీటు ఖాళీగా ఉంది, వస్తావా అని అడిగింది. సోల్వేగ్‌కు అరవై ఏళ్లు, పాయ దాటి ఎరగదు. రానంది. యోరున్ రెండోసారి అడగలేదు, లారీ తలుపు తెరిచి పెట్టి, టైర్లలో గాలి చూసుకుంటూ ఉంది. సోల్వేగ్ లోపలికి వెళ్లి శాలువా తెచ్చుకుని ఎక్కింది. ఆ తరువాత ఏటా ఒకరు. పడవ మునిగి భర్త పోయిన గ్రీమా, సగం చెవుడున్న కమ్మరి, పుట్టినప్పటి నుంచి ఆవులతోనే గడిపిన అక్కచెల్లెళ్లిద్దరు. దారిలో యోరున్ వాళ్లకేమీ వివరించేది కాదు. ఆగవలసిన చోట ఆగి, ఇంజను కట్టేసి, వాళ్లకు చాలినంతసేపు కూర్చునేది.

మా అమ్మ వంతు వచ్చిన ఏడాది మేం ఐదుగురు పిల్లలం. అమ్మ చేతులు తుడుచుకుంటూ నాన్న వైపు చూసింది. ఆవులకు పాలెవరు పితుకుతారు అన్నాడు నాన్న.

"నువ్వు" అంది యోరున్.

అమ్మ వెళ్లింది. తిరిగొచ్చి లారీ దిగగానే ముందు కొట్టంలోకి వెళ్లి ఆవుల పొదుగులు చూసింది. తరువాత ఇంట్లోకి వచ్చి మామూలుగా భోజనం సంగతి అడిగింది. కబుర్లేమైనా చెబుతుందని మేం చుట్టూ చేరితే, రేపు చెబుతాను అంది. రేపు చెప్పలేదు. కాని ఆ శీతాకాలమంతా, అల్లుకుంటూ అల్లుకుంటూ ఉన్నట్టుండి సూదులు ఒళ్లో పెట్టుకుని ఏదో ఒకటి చెప్పేది. ఒకరోజు ఇసుక నల్లగా ఉంటుందంది. మరోరోజు, అక్కడ ఒడ్డున బూట్లు విప్పుకుని కూర్చున్నాను, అల వచ్చి ఒక బూటు పట్టుకుపోతే యోరున్ పరిగెత్తి తెచ్చింది అని నవ్వింది. అవతల ఇక భూమే లేదట, అంతా నీళ్లేనట అంది. నాన్న వల బాగుచేసుకుంటూ తల ఎత్తకుండా వినేవాడు. కొన్నిసార్లు, ఆ తరువాత ఏమైంది అని అడిగేవాడు.

మంచు కరిగి బీడు దారి తెరుచుకున్నాక, యోరున్ ఆ ఏడు మొదటిసారి దక్షిణానికి బయలుదేరే ఉదయం, లారీ చప్పుడు వినబడకముందే నాన్న లేచాడు. గడ్డం గీసుకున్నాడు. చర్చికి వేసుకునే కోటు వేసుకున్నాడు. ఎక్కడికని అమ్మ అడగలేదు, రొట్టె మూటకట్టి చేతికిచ్చింది. ఆయన వెళ్లి రోడ్డు పక్కన నిలబడ్డాడు, ఊరికే గాలికి వచ్చినట్టు పాయ వైపు చూస్తూ. లారీ వచ్చి ఆగింది. యోరున్ లోపలి నుంచి వంగి పక్క తలుపు తెరిచింది. నాన్న కోటు కొసలు దగ్గరికి లాక్కుని ఎక్కి కూర్చున్నాడు.